అధికారి ఎవరు? – మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల మతసంప్రదాయాల్లో అర్హతా భావన

కర్మ, పునర్జన్మ, విముక్తి అనే భావనలు హిందూ, బౌద్ధ, జైన సంప్రదాయాలకు ఉమ్మడివి. నిత్యమైన ఆత్మను బౌద్ధం అంగీకరించదు, మిగిలినవి అంగీకరిస్తాయి. ఈ సిద్ధాంతభేదాలతో పాటు, విముక్తికి అర్హులెవరన్న ప్రశ్న కూడా మతచరిత్రలో ప్రధానమైనదే. స్త్రీకి స్త్రీజన్మలోనే మోక్షం కలదని శ్వేతాంబర జైనులు, లేదని దిగంబరులు వాదించారు. వేదాంతం ఈ ప్రశ్నను 'అధికారి' అనే పరిభాషతో చర్చించింది. రాయలసీమ దక్షిణపు అంచున ఉన్న మూడు పట్టణాల ఆధారంగా ఆ చర్చ స్థానిక రూపాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

బ్రహ్మసూత్ర భాష్యంలోని అపశూద్రాధికరణంలో శంకరులు శూద్రులకు వేదపూర్వకమైన విద్యాధికారాన్ని నిరాకరించారు. అయితే ఇతిహాస పురాణాల ద్వారా జ్ఞానార్జనకు నాలుగు వర్ణాలవారికీ అధికారం కలదని అక్కడే అంగీకరించారు. ఆ అంగీకారం ఇరుకైన సందు వంటిది. దేశభాషా కవులు దానిని రాజమార్గంగా మలిచారు.

ఆ కవులలో తరిగొండ వెంగమాంబ (1730–1817) ముఖ్యురాలు. బాలవితంతువైన ఆమె వైధవ్య నియమాలను తిరస్కరించి, మదనపల్లెకు చెందిన సుబ్రహ్మణ్య దేశికుని వద్ద యోగవేదాంతాలను అభ్యసించింది. తరిగొండ నృసింహుని భక్తురాలైన ఆమె శివనాటకమూ రచించింది; రాజయోగసారంలో యోగమార్గాన్ని, వాసిష్ఠ రామాయణంలో అద్వైతాన్ని ప్రతిపాదించింది. వాసిష్ఠ రామాయణానికి ఆమె ద్విపదను ఎంచుకోవడం గమనార్హం. పాడుకొనడానికి అనువైన ఆ దేశి ఛందస్సు వల్ల సంస్కృతం చదవనివారికీ, అక్షరం రానివారికీ వేదాంతం శ్రవణయోగ్యమైంది. సమాజం అనర్హురాలిగా చూసిన స్త్రీయే ఇతరులకు అర్హతను కల్పించింది.

పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఈ ప్రశ్నకు గ్రంథం కాక జాతర సమాధానమిస్తుంది. పుంగనూరులో జమీందారీ కుటుంబం కొలిచిన సుగుటూరు గంగమ్మ ఊరందరికీ అమ్మ. కుప్పం తిరుపతి గంగమ్మ జాతరలో విశ్వరూప దర్శనం ప్రధాన ఘట్టం. ఈ పేరు భగవద్గీత పదకొండవ అధ్యాయాన్ని స్ఫురింపజేస్తుంది. వేదాధ్యయనం, తపస్సు, దానం, యజ్ఞం వీటివేటి వల్లా ఆ రూపం కానరాదని, అనన్యభక్తికే లభ్యమని గీత చెబుతుంది. అక్కడ అర్జునునికి దక్కిన దర్శనం ఇక్కడ జనసామాన్యానికి దక్కుతుంది. అయితే జాతరలో కోరేది మోక్షం కాదు. రోగం నుండి, కరవు నుండి రక్షణ. గ్రామదేవతల సేవలు కులాలవారీగా పంచబడి ఉండటం కూడా విస్మరించరాని వాస్తవం. దర్శనంలోని సమత్వం సామాజిక సమత్వంగా పరిణమించిందనడానికి వీలులేదు.

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఈ ప్రశ్నను మరో అంచుకు చేర్చారు. దివ్యజ్ఞాన సమాజ పెద్దలు తనను జగద్గురువుగా నిలపడానికి ఏర్పరచిన నక్షత్ర సంఘాన్ని 1929లో ఆయనే రద్దుచేశారు. వెంగమాంబకు గురువు లభించిన ఊరిలోనే గురుత్వాన్ని నిరాకరించిన తాత్త్వికుడు పుట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని అర్హతను ప్రసాదించే అధికారం అన్యులకు లేదన్న భావం ఇద్దరి జీవితాల్లోనూ కనిపిస్తుంది.

వివేకం, వైరాగ్యం, శమాది షట్కసంపత్తి, ముముక్షుత్వం అని వేదాంతం చెప్పే సాధన చతుష్టయంలో జన్మ ప్రస్తావన లేదు. శాస్త్రం లక్షణంలో చేర్చని నియమాన్ని ఆచారం చేర్చింది. వెంగమాంబ ద్విపద ఆ చేర్పును ప్రశ్నించిన చారిత్రక సాక్ష్యం.