6.00–16: ఘాట్ రోడ్డు జీపు టైరు మీద రాసున్న చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక టైరు ఉంది, దాని పక్కన అచ్చేసిన నాలుగైదు అంకెలు ఉన్నాయి. ఆ అంకెల వెనకాల నూటముప్పై ఏళ్లకు పైగా కథ ఉంది.

పాత బండికి ఏ సైజు టైరు వేస్తే ఎక్కడా రాసుకోకుండా తిరుగుతుంది? ఇంగ్లండులో పాత ఎంజీ, జాగ్వార్ స్పోర్ట్స్ కార్లు దాచుకున్నవాళ్లు తలపట్టుకునే ప్రశ్న ఇది. మన పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు పాత బండి అంటే జీపే కదా. బండి మారింది గానీ ప్రశ్న మారలేదు. పైగా స్పోర్ట్స్ కారులో ఉండేది ఇద్దరు. సంత రోజు జీపులో ఎంతమంది ఎక్కుతారో మీకు తెలుసు.

ముందు చరిత్ర చూద్దాం. 1888లో బెల్‌ఫాస్ట్‌లో ఉండే జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు, తన కొడుకు మూడుచక్రాల సైకిలుకి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. గాలి టైరు అలా జనంలోకి వచ్చింది. తర్వాత వచ్చిన కారు టైర్లలో నూలు దారాల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా వేసేవారు. వీటినే క్రాస్ ప్లై అంటారు. మన దగ్గర నైలాన్ టైరు అంటాం చూడండి, అదే రకం. వీటి ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. అందుకే ఆ రోజుల్లో సైజు చెప్పడానికి రెండంకెలు సరిపోయేవి. 6.00–16 అంటే వెడల్పు 6 అంగుళాలు, రిమ్ము 16 అంగుళాలు. ఎత్తు విడిగా చెప్పక్కర్లేదు. కింద ఆరు, పైన ఆరు, మధ్యలో పదహారు. మొత్తం చక్రం సుమారు 28 అంగుళాలు.

ఇదే రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్ జీపుకి వేసిన సైజు. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆ యుద్ధకాలంలో 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. బురదలో దిగడానికి, ఇరుకు దారిలో తిరగడానికి సన్నటి, ఎత్తైన టైరు పెట్టారు. యుద్ధం అయ్యాక, 1940ల చివర్లో మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. ఆ వంశంలో వచ్చిన జీపులే తర్వాత పోలీసులకి, అటవీశాఖకి, సర్వీసు డ్రైవర్లకి పనికొచ్చాయి. వాటితో పాటే 6.00–16 కూడా కొండెక్కింది.

ఈలోగా ఫ్రాన్స్‌లో ఇంకో మార్పు. 1946లో మిషెలిన్ కంపెనీ రేడియల్ టైరుకి పేటెంట్ తీసుకుంది. దీని దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి నేరుగా వెళ్తాయి, పైన ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. రోడ్డు పట్టు పెరిగింది, అరుగుదల తగ్గింది. మన దేశంలోకి ఇవి 1970ల చివర్లో వచ్చాయి. పోనుపోను టైర్లు వెడల్పయ్యాయి, పొట్టివయ్యాయి. దాంతో సైజులో మూడో అంకె వచ్చింది.

బొలేరో టైరు చూడండి: 215/75 ఆర్ 15. వెడల్పు 215 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, అంటే సుమారు 161 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. రిమ్ము మాత్రం ఇంకా అంగుళాల్లోనే, 15. ఒకే టైరు మీద మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ ఉన్నాయంటే, ఒక్కొక్కటి ఒక్కో కాలంలో వచ్చి చేరిందన్నమాట.

ఇప్పుడు లెక్క కడదాం. 161 రెండుసార్లు, దానికి 15 అంగుళాలు అంటే 381 మిల్లీమీటర్లు కలపండి. 703 వస్తుంది, అంటే 27.7 అంగుళాలు. పాత జీపు చక్రం 28. ఎత్తులో తేడా దాదాపు లేదు! మరి తంటా ఎక్కడ? వెడల్పులో. పాతది 152 మిల్లీమీటర్లు, ఇది 215. రిమ్ము మధ్యగీత మారకపోతే లోపలివైపు 31, బయటివైపు 31 మిల్లీమీటర్లు ఎక్కువ. లోపలివైపు ఏముంటుంది? కమాను కట్ట, బ్రేకు గొట్టం. పాత సన్నటి రిమ్ముకి వెడల్పు టైరు సరిగా కూర్చోదు కూడా. అందుకే రిమ్ముతో కలిపి ఆలోచించాలి.

ఇంకొంతమంది లుక్ కోసం 31 అంగుళాల టైరు వేస్తారు. దాని వెడల్పు పదిన్నర అంగుళాలు. షాపు ముందు, చదును నేల మీద చూస్తే అదిరిపోతుంది. ఘాట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, వెనక జనం నిండి కమాన్లు అణిగినప్పుడు రాయడం మొదలవుతుంది. రాసిన చోట రబ్బరు రోజూ కొంచెం కొంచెం కోసుకుపోతుంది.

రాయకుండా స్టీరింగ్ స్టాపు బోల్టు బిగించేస్తే? రాయదు, నిజమే. కానీ చక్రం తిరిగే కోణం తగ్గుతుంది. ఒక్కసారిలో తిరగాల్సిన హెయిర్‌పిన్ మలుపులో బండిని వెనక్కి తీసి మళ్లీ తిప్పాలి. వెనక లోయ. చక్రం 28 నుంచి 31కి పెరిగితే గేరు పట్టు పదో వంతు దాకా తగ్గుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను ఆయాసపడుతుంది. దిగేటప్పుడు రెండో గేరు ఇదివరకటిలా బండిని ఆపి పట్టుకోదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఇంకో మాట. ట్రాక్టరు ముందు టైరు మీద కూడా చాలాసార్లు 6.00–16 అనే ఉంటుంది. అంకె ఒకటే, టైరు ఒకటి కాదు. అది పొలంలో మెల్లగా నడవడానికి చేసింది. జనాన్ని ఎక్కించుకుని ఘాట్ దిగే బండికి అది వేయకూడదు.

అయితే ఎలా ఎంచుకోవాలి? ముందు ఎత్తు చూడండి. పాత చక్రానికి రెండు మూడు శాతం లోపే తేడా ఉండాలి. తర్వాత వెడల్పు, ఆ వెడల్పుకి తగ్గ రిమ్ము. ఆపైన టైరు మోయగల బరువు. ఒకే ఇరుసు మీద ఒకవైపు నైలాన్, ఇంకోవైపు రేడియల్ వద్దు. బిగించాక కమాను కట్టకి, మడ్‌గార్డు లోపలికి సుద్ద రాయండి. బండిలో బరువు వేసి, మైదానంలో రెండువైపులా పూర్తిగా తిప్పి నడపండి. తర్వాత ఒక చక్రాన్ని గట్టు మీదకి ఎక్కించి మళ్లీ తిప్పండి. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడ టైరు రాస్తోంది. ఆ టైరు ఆ బండిది కాదు.

ఎనభై ఏళ్ల కింద ఆ జీపు గీసినవాళ్లు చక్రానికి ఎంత చోటు వదిలారో, ఇవాళ్టికీ అంతే చోటు ఉంది. ఈసారి జీపు ఎక్కే ముందు ఒక్క నిమిషం వంగి ఆ అంకెలు చదవండి, మడ్‌గార్డు లోపల నల్లటి గీత ఏమైనా పడిందేమో చూడండి. కనిపిస్తే డ్రైవరన్నకి చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.