ఖాళీ సీసాలు, డబ్బాలు ఇంటి దగ్గరే ఇచ్చేస్తున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

వాటర్ బాటిళ్లు, నూనె డబ్బాలు, పచ్చడి సీసాలు, కూల్‌డ్రింక్ టిన్నులు... నెల తిరిగేసరికి బాల్కనీలో సంచి నిండిపోతుంది. వీధిలో కేక వేస్తూ వచ్చే పాత సామాన్ల వ్యాపారికి కొందరు అమ్మేస్తారు. కొందరు మున్సిపాలిటీ చెత్త ఆటోలో వేస్తారు. ఫోన్‌లో బుక్ చేస్తే ఇంటికే వచ్చి తూకం వేసి తీసుకెళ్లే సర్వీసులూ ఉన్నాయి. ఎవరికి ఇచ్చినా అనుమానాలు మాత్రం ఒకటే. వచ్చిన మనిషిని నమ్మొచ్చా? తూకం, డబ్బు సరిగ్గా వస్తాయా? ఇచ్చిన సీసా తప్పుడు చేతుల్లో పడదు కదా?

వచ్చేది ఎవరు?

తడి, పొడి, హానికర చెత్తను ఇంటి దగ్గరే వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. చెత్త ఏరుకునేవాళ్ల సంఘాలను గుర్తించి, వారిని ఇంటింటి సేకరణలో భాగం చేయాలని కూడా స్థానిక సంస్థలకు సూచించాయి. కానీ వీధుల్లో తిరిగేవాళ్లలో చాలామందికి చేతిలో ఏ కార్డూ ఉండదు. కార్డు లేనంత మాత్రాన దొంగ అనుకోవద్దు. అలాగని ముక్కూమొహం తెలియనివాళ్లను లోపలికి పిలవనూ వద్దు.

మధ్యేమార్గం ఒకటుంది. వీలైనంత వరకు ఒకే మనిషికి ఇవ్వండి. సామాను ఏ స్క్రాప్ షాపులో వేస్తారో అడిగి తెలుసుకోండి. ఫోన్ నంబర్ తీసుకోండి. అపార్ట్‌మెంట్ అయితే వచ్చే రోజు, సమయం అసోసియేషన్ ఖరారు చేసి, గేటు దగ్గర పేరు, నంబర్ రాయిస్తే అందరికీ మేలు. యాప్‌లో బుక్ చేస్తే, వచ్చినవాళ్ల పేరు, ఫొటో యాప్‌లో కనిపించే వివరాలతో సరిపోయాయో లేదో చూశాకే సామాను చూపించండి.

గుమ్మం దగ్గర

సంచిని ముందే గేటు దగ్గరో, వరండాలోనో పెట్టండి. తూకం అక్కడే వేయించండి. "ఇంట్లో ఇంకేమైనా పాతవి ఉన్నాయా, చూస్తాను" అంటే మీరే తెచ్చి ఇవ్వండి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో పక్కింటివాళ్లు ఉన్న సమయానికే రమ్మనండి. బెదిరించినా, బలవంతంగా లోపలికి వచ్చినా 112కు ఫోన్ చేయండి.

తూకం సరిగ్గా ఉందా?

కాంటా ఏదైనా, ఏమీ పెట్టకముందు సున్నా చూపించాలి. తర్వాత సీల్ తీయని లీటరు నీళ్ల సీసా పెట్టి చూడండి. లీటరు నీళ్లు కిలో బరువుంటాయి, సీసా బరువు అదనం. అంటే కాంటా కిలో కంటే కాస్త ఎక్కువే చూపించాలి. బాగా తక్కువ చూపిస్తే తేడా ఉన్నట్టే. వ్యాపారంలో వాడే కాంటాలను తూనికలు, కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేయాలని 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం చెబుతోంది. ఏ రకానికి కిలో ఎంతో తూకానికి ముందే మాట్లాడుకోండి. ప్లాస్టిక్, గాజు, అల్యూమినియం ధరలు వేర్వేరు. అన్నీ కలిపి ఒకే ధర అంటే నష్టపోయేది మీరే.

డబ్బు తీసుకునేటప్పుడు

అసలు మోసం ఇక్కడే జరిగే అవకాశం ఉంది. స్క్రాప్ కొంటామని ఫోన్ చేసి, "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతా నుంచి పోతున్నట్టే. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి వేయండి" అనేది ఇంకో ఎత్తు. మెసేజ్ చూసి నమ్మకండి, బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూడండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

సీసా ఇచ్చే ముందు

మందు సీసాలు, పేరున్న బ్రాండ్ల నూనె డబ్బాలు లేబుల్‌తో సహా చెక్కుచెదరకుండా ఉంటే, నకిలీ సరుకు నింపి అమ్మేవాళ్లకు అవి పనికొస్తాయి. లేబుల్ చింపేయండి, ప్లాస్టిక్ సీసాలను నలిపేయండి. కొరియర్ డబ్బాల మీద మీ పేరు, చిరునామా, ఫోన్ నంబర్ ఉంటాయి. మందుల డబ్బాల మీద చీటీలు ఉంటే వాటినీ తీసేయండి. యాసిడ్, పురుగుమందు డబ్బాలను మామూలు సీసాలతో కలపొద్దు. వాటిని ఎవరైనా తాగునీళ్లకు వాడితే ప్రాణాల మీదికి వస్తుంది. వాటిని హానికర చెత్తగా విడిగా ఇవ్వండి.

తీసుకెళ్లేవారి భద్రత కూడా

నమ్మకం రెండువైపులా ఉండాలి. చాలామంది గ్లౌజులు లేకుండానే చేత్తో ఏరతారు. పగిలిన గాజును మందపాటి పేపర్లో చుట్టి, పైన "గాజు" అని రాసి విడిగా ఇవ్వండి. సిరంజీలు, బ్లేడ్లు సీసాల సంచిలో వేయొద్దు. ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది కాబట్టి పగలగొట్టకుండా వేరుగా ఇవ్వాలి. డబ్బాలను ఒకసారి కడిగి ఇస్తే దుర్వాసన ఉండదు, ఈగలు ముసరవు, రీసైక్లింగ్‌కూ అనువుగా ఉంటాయి.

సీసాకు డిపాజిట్ ఉంటే?

తమిళనాడులో 2022లో నీలగిరి జిల్లాలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ప్రభుత్వ మద్యం దుకాణంలో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చి ఇస్తే తిరిగి ఇచ్చేస్తారు. సీసా విలువ ముందే ఖరారై ఉంటుంది కాబట్టి తూకం గొడవే ఉండదు.

ఈ నంబర్లు దాచుకోండి

అత్యవసర సాయానికి 112. ఆన్‌లైన్ డబ్బు మోసాలకు 1930. వినియోగదారుల ఫిర్యాదులకు 1915. హైదరాబాద్‌లో చెత్త సేకరణ సమస్యలకు జీహెచ్ఎంసీ నంబర్ 040-21111111.