ప్రశ్నల గాదె

మన గుడివాడ, నందివాడ ప్రాంతముల రైతు పండిన వడ్లన్నియు అమ్మివేయడు. మేలైన విత్తనమును వేరుగా ఎండబెట్టి, ఏ రకమో గురుతుంచి దాచును. పరీక్షలో అడుగు ప్రశ్నకును ఇట్టి సంరక్షణము కావలెనని లోకమునకు ఆలస్యముగా తెలిసినది. ఆ చరిత్రమును నేడు మనవి చేసెదను.

మచిలీపట్టణమున రాబర్టు నోబులు దొర 1843లో పాఠశాల నెలకొల్పెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడెను. అటుపిమ్మట చిరకాలము విద్యార్థులు పెద్ద పరీక్షలలో సమాధానములను వ్యాసములుగా వ్రాయుచు వచ్చిరి. దిద్దువాని మనస్సును బట్టి మార్కులు మారుట కద్దు. ఈ లోపమును తీర్పగోరి, అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున ఫ్రెడరిక్ కెల్లీ అను విద్యావేత్త 1915 ప్రాంతమున, సరియైన సమాధాన మొక్కటే గల ప్రశ్నలతో పరీక్ష సిద్ధపరచెను. మొదటి ప్రపంచయుద్ధమున ఆ దేశము లక్షలకొలది సైనికులను ఇట్టి ప్రశ్నలతోనే పరీక్షించెను.

వ్యాసప్రశ్న వ్రాయుట సులభము, దిద్దుట కష్టము. ఈ కొత్త ప్రశ్న దిద్దుట సులభము, వ్రాయుట కష్టము. నిజము ప్రక్కన నిజమువలె తోచు తప్పులను కూర్పవలెను. సీసపు అక్షరముల కాలమున కంపోజిటరు ఒక్కొక్క యక్షరమును ఏరి కూర్చి, అచ్చైన పిమ్మట విడదీసి గళ్లలో వేసెడివాడు. అదే ప్రశ్న మరుసటియేడు కావలసినచో మరల కూర్పు, మరల ప్రూఫు, మరల తప్పులు! డొనాల్డ్ క్నూత్ అను అమెరికా ఆచార్యుడు 1978లో వెలువరించిన టెక్ వంటి సాధనములతో, గణితసూత్రము గల ప్రశ్నను సైతము ఒక్కసారి కూర్చి కంప్యూటరులో దాచి, కావలసినప్పుడు తీయుట సాధ్యమైనది.

దాచుటకును ఒక క్రమ మున్నది. ప్రతి ప్రశ్నకును సంఖ్య యుండవలెను. అది ఏ పాఠములోనిది, ఎంత కఠినము, ఎప్పుడు వాడితిమి, ఎందరు సరిగా చెప్పిరి అను గురుతు లుండవలెను. సరియైన సమాధానమును దాని మాటలతోనే గుర్తింపవలెను గాని, మొదటిది, రెండవది అని కాదు. వరుస మార్చిన ఆ లెక్క తప్పును. ఎంసెట్ పరీక్షలో 160 ప్రశ్నలను ఎ, బి, సి, డి అను నాలుగు వరుసలలో అచ్చువేసిన కాలమున ఈ జాగ్రత్త యెంతయు అవసరమయ్యెను. 2017 నుండి మన రాష్ట్రమున ఆ పరీక్ష కంప్యూటరుపై పలు పూటల జరుగుచున్నందున మరిన్ని ప్రశ్నలు కావలసివచ్చినవి.

ఇక గాదెక్రింది పందికొక్కు మాట. 2016 జులై 9న తెలంగాణమున వైద్యవిద్యకై జరిగిన ఎంసెట్-2 ప్రశ్నలు ముందే వెలిపడినందున ప్రభుత్వము దానిని రద్దుచేసి, సెప్టెంబరు 11న మరల పరీక్ష పెట్టెను. నిజాయితీగా చదివిన పిల్లలును మరల వ్రాయవలసివచ్చెను.

ప్రశ్నలు కొలదిగా నున్నచో, వాడినకొలదియు బయటపడును. వానిని కొనగలవాని బిడ్డ గెలుచును; పాఠ్యపుస్తకమే దిక్కైన పల్లెబిడ్డ ఓడును. కావున గాదె పెద్దది కావలెనని నా యభిప్రాయము. వేలకొలది ప్రశ్నలున్నచో దానిని అందరి యెదుట తెరచిపెట్టినను భయము లేదు. అన్నిటికి సమాధానము చెప్పగలవాడు శాస్త్రమునే నేర్చినవాడు. ఆ యేటికి ఏవి తీయుదుమో అది మాత్రమే రహస్యము.

మన యూరి బడిలో మంచి ప్రశ్న యొకటి పుట్టినప్పుడు, పరీక్ష కాగానే పారవేయక గురుతులతో వ్రాసియుంచుడని ఉపాధ్యాయులకు చెప్పుడు. అందులకు ఒక నోటుపుస్తకము చాలునని మనవిచేసి విరమించుచున్నాను.