పాత ఫోటోలో బొట్టు ఎందుకు నల్లగా ఉంటుంది?



చెదలు పట్టి, మరకలు పడిన పెద్దల ఫోటోలను చూసి పెన్సిల్ బొమ్మలు వేయించాలని మన బరంపురం తెలుగు కుటుంబాల్లో కొందరు అడుగుతున్నారు. మంచి ఆలోచన. వేయించే ముందు ఆ ఫోటో ఎలా తయారైందో కొంత తెలుసుకుంటే మేలు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మద్రాసులో 1856లోనే ఫోటోగ్రాఫిక్ సొసైటీ మొదలైంది. 1880ల నుంచి సిద్ధంగా దొరికే గాజు పలకలు రావడంతో ఫోటో తీయడం తేలికై, చిన్న ఊళ్లకూ చేరింది.

అయితే ఆ పలకలకు ఒక లోపం ఉంది. వాటికి నీలం బాగా కనిపించేది, ఎరుపు దాదాపు కనిపించేది కాదు. 1873లో జర్మనీలో వోగెల్ అనే శాస్త్రవేత్త పలకకు రంగు మందు కలిపితే ఆకుపచ్చ, పసుపు కూడా పడతాయని కనుక్కున్నాడు. ఎరుపును సైతం పట్టే పలకలు 1906లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చినా, పాత రకం పలకలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వాడుకలో ఉన్నాయి.

అందుకే ఆ ఫోటోల్లో కుంకుమబొట్టు నల్లచుక్కలా ఉంటుంది. ఎర్రటి బరంపురం పట్టుచీర నల్లచీర అయిపోతుంది. లేత నీలం పంచె తెల్లగా పడుతుంది. చామనచాయ ముఖం ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. చిత్రకారుడు ఫోటోను ఉన్నదున్నట్టు దించితే ఈ తప్పులన్నీ బొమ్మలోకి వస్తాయి. అలాగని ముఖం తెల్లగా చేయమని అడగకండి, అదీ అబద్ధమే. ఆవిడను చూసినవాళ్లు చెప్పిన ఛాయ వేయించండి.

పెన్సిల్ పని గురించి రెండు మాటలు. అందులో ఉండేది సీసం కాదు, గ్రాఫైట్. దాన్ని మట్టితో కలిపి కాల్చే పద్ధతిని 1795లో ఫ్రాన్సులో కోంటే కనిపెట్టాడు. మన రాయగడ, బలాంగీర్ జిల్లాల్లో ఆ ఖనిజం దొరుకుతుంది. ఫోటోలోని వెండి పొర గాలికి, తేమకు పసుపెక్కి వెలిసిపోతుంది. గ్రాఫైట్ వెలవదు, కాకపోతే చెయ్యి తగిలితే చెరుగుతుంది కాబట్టి అద్దం కట్టించాలి. కొలతల గళ్లు అసలు ఫోటో మీద గీయనివ్వకండి, స్కాన్ చేయించిన నకలు మీద గీయించండి. బూజు తినేసిన చెవికి కొత్త కమ్మలు పెట్టించకండి, ఆ చోటు లేతగా వదిలేయమనండి.

చీర ఏ రంగో, ముక్కుకు పెట్టుకున్నది బేసరో నత్తో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లే. బొమ్మ వచ్చే ఏడాదైనా వేయించుకోవచ్చు. వాళ్లను మాత్రం ఈ నెలలోనే కూర్చోబెట్టి అడగండి. చెప్పినదాన్ని ఒక కాగితం మీద రాసి, ఫోటోతో పాటు కవరులో పెట్టండి.