చంద్రగిరి నుండి కుప్పానికి: ఒక ‘సురక్షిత’ స్థాన చరిత్ర

శాసనసభ్యునికి స్వస్థలమే కంచుకోట అన్న భావన బహుళ ప్రచారంలో ఉంది. నారా చంద్రబాబునాయుడి రాజకీయ జీవితం దానిని పునఃపరిశీలింపజేస్తుంది. చంద్రగిరి మండలం నారావారిపల్లెలో జన్మించిన ఆయన 1978లో ఇందిరా కాంగ్రెస్ అభ్యర్థిగా చంద్రగిరి నుండి ఎన్నికై, అంజయ్య మంత్రివర్గంలో చేరారు. 1983లో అదే స్థానంలో, మామ ఎన్.టి.రామారావు స్థాపించిన తెలుగుదేశం అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. అనంతరం ఆ పార్టీలో చేరి, 1989లో కుప్పం నుండి గెలుపొందారు.

1983, 1985 ఎన్నికలలోనే కుప్పం తెలుగుదేశాన్ని గెలిపించింది. కనుక ఆ కోటకు పునాది పార్టీది. ముఖ్యమంత్రిగా ఆయన ప్రాధాన్యమిచ్చిన ద్రావిడ విశ్వవిద్యాలయం (1997), ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో చేపట్టిన బిందుసేద్యం తమిళ, కన్నడ సరిహద్దుల నడుమనున్న ఆ మెట్టసీమలో ఆ పునాదిపై లేచిన కట్టడాలు. 2024 వరకు కుప్పం ఆయనను వరుసగా ఎనిమిది పర్యాయాలు ఎన్నుకొన్నది. అయినప్పటికీ 2021 కుప్పం పురపాలక ఎన్నికలలో ఆయన పార్టీ ఓడింది.

చంద్రగిరి మాత్రం 1989 తరువాత కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీలను మార్చిమార్చి ఎన్నుకొన్నది. దీనినిబట్టి సురక్షిత స్థానం జన్మహక్కు కాదనీ, ప్రతి ఎన్నికలోనూ తిరిగి సంపాదించుకోవలసిన విశ్వాసమనీ స్పష్టమవుతున్నది.