దూడ విగ్రహం తర్వాత మోషే అడిగింది: నిర్గమకాండము 33, 34 అధ్యాయాల్లోని కొన్ని మాటలు

సీనాయి కొండ కింద ఇశ్రాయేలీయులు బంగారు దూడకు మొక్కారు. ఆ తర్వాత జరిగిన సంభాషణే ఈ రెండు అధ్యాయాలు. దేవుని సన్నిధిని వెదకడం, ఆయన కనికరాన్ని కోరడం ఇక్కడ ఒకే ప్రార్థన అయ్యాయి. అందుకే హెబ్రీ లేఖనాల్లో ఈ భాగానికి నేను పదే పదే తిరిగి వస్తాను.

లోబడనొల్లని ప్రజలు (33:3). మూలంలో మెడ బిరుసైన జనం. పాలు తేనెలు ప్రవహించే దేశానికి వెళ్లండి, ముందుగా దూతను పంపుతాను, నేను మాత్రం మీ నడుమ రాను అంటాడు దేవుడు. వస్తే ఆ బిరుసుతనం వల్ల దారిలోనే మీరు నాశనమవుతారని కారణం కూడా చెప్తాడు. దేశం దక్కుతుంది, శత్రువులు తొలగిపోతారు, ఆయన ఒక్కడే ఉండడు. జనం దాన్ని దుర్వార్తగానే విన్నారు. దూడ కోసం చెవిపోగులు తీసి ఇచ్చినవాళ్లు ఇప్పుడు దుఃఖంతో నగలు తీసేశారు. 34:9లో మోషే ఇదే మాట ఎత్తుకుంటాడు: వీళ్లు లోబడనివాళ్లు, కనుక నువ్వు మా మధ్య రావాలి. అక్కడి హెబ్రీ అవ్యయాన్ని ‘అయినప్పటికీ’ అని చదివేవారూ ఉన్నారు. ‘కనుక’ అనే చదువుదామంటాను. రాకపోవడానికి దేవుడు చెప్పిన కారణమే రమ్మని వేడుకోవడానికి ఆధారమైంది.

వెదకుట (33:7). మోషే గుడారాన్ని పాళెం వెలుపల, దూరంగా వేశాడు. యెహోవాను వెదకేవారు లేచి అక్కడిదాకా నడవాలి. ఇది శిల్పి బెసలేలు తరువాత కట్టిన ఆరాధనా గుడారం కాదు.

సన్నిధి (33:14–16). హెబ్రీలో పానీమ్, అంటే ముఖం. నా సన్నిధి వస్తుంది, నీకు విశ్రాంతినిస్తాను అని జవాబొచ్చింది. ఆ ‘నీకు’ ఏకవచనం. మోషే దానితో తృప్తిపడలేదు. నీ సన్నిధి రాకుంటే మమ్మల్ని ఇక్కడినుంచి కదిలించవద్దన్నాడు. 16వ వచనంలో ‘నేనూ నీ ప్రజలూ’ అని రెండుసార్లు అంటాడు. కృప తనకొక్కడికే దొరికే అవకాశం ఉన్నా, జనాన్ని విడిచి దాన్ని పుచ్చుకోలేదు. నాయకుడి ప్రార్థన అంటే ఇదీ!

మహిమ (33:18–23). చూపించమని అడిగాడు. నా ముఖం చూసి ఎవరూ బతకరన్నాడు దేవుడు. బండ సందులో మోషేకు దక్కిన చూపు కొద్దిపాటిదే, వినబడింది మాత్రం ఎక్కువ.

కనికరము, దీర్ఘశాంతము, కృప (34:6–7). ఆ వినబడినది ఇదే. కనికరాన్ని చెప్పే ‘రహూమ్’కు, గర్భం అనే అర్థమున్న ‘రెహెమ్’కు దగ్గర బంధుత్వం ఉంది. యెషయా 49:15లో తల్లి, చంటిబిడ్డల పోలిక గుర్తొస్తుంది. దీర్ఘశాంతమంటే కోపం తెచ్చుకోవడంలో ఆలస్యం. కృపను చెప్పే ‘హెసెద్’ అప్పటికప్పుడు పుట్టే జాలి కాదు, ఒప్పుకున్న బంధాన్ని వదలని నమ్మకత్వం. ఈ రెండు వచనాల్లో యూదులు 13 గుణాలను లెక్కించి, ప్రాయశ్చిత్త దినాన ఆరాధనలో పలుకుతారు. యోనా మాత్రం ఇవే మాటలతో దేవునిపై ఫిర్యాదు చేశాడు, నీనెవెకు క్షమాపణ దొరికిందని (యోనా 4:2).

దోషిని నిర్దోషిగా ఎంచడు (34:7). ఈ మాటను దాటవేసే బోధకులున్నారు. దాటవేయకూడదు. కనికరమూ ఇదీ ఒకే నోట వచ్చాయి. సంఖ్యాకాండము 14లో, కనాను దేశాన్ని చూసొచ్చిన వేగులవారి మాట విని జనం తిరగబడినప్పుడు, మోషే ఈ వర్ణననే దేవుని ముందు పెట్టి వేడుకున్నాడు. క్షమించానని జవాబొచ్చింది. ఆ వెంటనే, కాలేబు, యెహోషువ తప్ప ఆ తరం దేశంలో అడుగుపెట్టదన్న తీర్పూ వచ్చింది. అరణ్యంలో 40 ఏళ్లు గడిచాయి. అయితే ఆ తీర్పు వచ్చేనాటికే బెసలేలు కట్టిన గుడారం వచ్చేసింది. సంఖ్యాకాండము 2 ప్రకారం, గోత్రాలు దిగినచోటల్లా అది, మోషే వెలుపల వేసిన గుడారంలా కాక, పాళెం నడుమే ఉండేది.