పేరు నగరానిది... ఆట కంపెనీది

2018 జులై 28. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్. మామూలు రోజుల్లో బాస్కెట్‌బాల్ జరిగే బార్‌క్లేస్ సెంటర్‌లో ఆ రోజు ఒక్క సీటూ మిగల్లేదు. వేదికకు అటు ఆరుగురు, ఇటు ఆరుగురు కుర్రాళ్లు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. వాళ్ల నెత్తి మీద పెద్ద తెరల్లో కాల్పులు, పేలుళ్లు. ఒక జట్టు లండన్ స్పిట్‌ఫైర్, రెండోది ఫిలడెల్ఫియా ఫ్యూజన్. ముందు రోజూ గెలిచిన లండన్, ఆ రోజూ గెలిచి కప్పు ఎత్తింది. బహుమతి 10 లక్షల డాలర్లు.

ఆ లండన్ జట్టులో బ్రిటిష్ కుర్రాడు ఒక్కడూ లేడు. అందరూ దక్షిణ కొరియావాళ్లే. జట్టు యజమాని క్లౌడ్9 అనే అమెరికా సంస్థ. ఫైనల్ తప్ప ఆ సీజనంతా వాళ్లు ఆడింది లాస్ ఏంజెలెస్ పక్కనున్న బర్‌బ్యాంక్‌లో, ఒక పాత టీవీ స్టూడియోలో. లండన్ గడ్డ మీద ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఈ జట్లు ఆడిన ఓవర్‌వాచ్ లీగ్ ఆరు సీజన్లకే ఎందుకు మూతపడిందని అడిగితే చాలామంది ఈ ఉదాహరణే చూపిస్తారు. ఊరితో సంబంధం లేని జట్టుకు ఊరి పేరు తగిలిస్తే ఇంతే అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అసలు జబ్బు అది కాదు.

అసలు జబ్బు మూలం చూడాలంటే కొరియాకు వెళ్లాలి. 1997 చివర్లో వచ్చిన ఆర్థిక సంక్షోభం తర్వాత ఆ దేశంలో వీధివీధినా ‘పీసీ బాంగ్’లు వెలిశాయి. మన ఇంటర్నెట్ సెంటర్ల లాంటివే, కాకపోతే ఆటల కోసం. 1998లో అమెరికాకు చెందిన బ్లిజార్డ్ కంపెనీ విడుదల చేసిన స్టార్‌క్రాఫ్ట్‌ను కొరియా కుర్రకారు అక్కడ రాత్రింబవళ్లు ఆడారు. ఆ ఆట కోసమే టీవీ చానళ్లు పుట్టాయి, లీగులు పుట్టాయి. 2004లో బుసాన్ నగరంలోని గ్వాంగల్లి బీచ్‌లో ఫైనల్ పెడితే లక్ష మంది వచ్చారని అప్పటి లెక్క. అక్కడి జట్లకు ఊళ్ల పేర్లు లేవు. ఎస్‌కే టెలికాం, కేటీ, సామ్‌సంగ్ అంటూ కంపెనీల పేర్లే. జీతాలిచ్చేదీ ఆ కంపెనీలే. జట్టుతో లాభం రావాలన్న పట్టింపు లేదు, ప్రచారం దక్కితే చాలు.

2007లో కొరియా ఈస్పోర్ట్స్ సంఘం స్టార్‌క్రాఫ్ట్ లీగ్ ప్రసార హక్కులను అమ్మింది. అంతే, బ్లిజార్డ్ లేచింది. ఆట మాది, మమ్మల్ని అడక్కుండా అమ్మడానికి మీరెవరని నిలదీసింది. 2010లో ప్రసార హక్కులను మరో సంస్థకు కట్టబెట్టింది, ఒక చానల్‌ను కోర్టుకు లాగింది. 2011లో రాజీ కుదిరింది. కానీ ఆ తగాదా బ్లిజార్డ్‌కు ఒక పాఠం నేర్పింది. ఈసారి ఆట పెడితే లీగ్ కూడా మనమే పెట్టాలి, తాళం చెవి ఎవరికీ ఇవ్వకూడదు. ఓవర్‌వాచ్ లీగ్‌లో తర్వాత జరిగిన మంచికీ చెడుకీ విత్తనం ఇక్కడే పడిందని నా అంచనా.

నగరాల పేర్లతో ఈస్పోర్ట్స్ జట్లు పెట్టడం కూడా బ్లిజార్డ్ కొత్తగా కనిపెట్టింది కాదు. 2007లోనే అమెరికా శాటిలైట్ టీవీ సంస్థ డైరెక్‌టీవీ ‘చాంపియన్‌షిప్ గేమింగ్ సిరీస్’ పేరుతో ఆ పని చేసింది. డాలస్ వెనమ్, షికాగో కైమెరా, వుహాన్ డ్రాగన్, దుబాయ్ మిరాజ్... జట్ల పేర్లు ఇలా ఉండేవి. అమెరికా జట్లకు ఆటగాళ్ల ఎంపిక ఏకంగా ప్లేబాయ్ భవంతిలో జరిగింది. హంగుకు లోటు లేదు, జీతాలూ ఇచ్చారు, టీవీలో బాగుండాలని ఆట నిబంధనలూ మార్చారు. 2008 నవంబర్‌లో మూసేశారు. ఇప్పటి కుర్రాళ్లలో ఆ పేరు విన్నవాళ్లు కూడా తక్కువే.

2016 మేలో ఓవర్‌వాచ్ ఆట వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో బ్లిజార్డ్ తన వార్షిక వేడుకలో లీగ్ ప్రకటించింది. అమెరికాలో బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ జట్లకు ఊళ్లున్నట్టే దీనికీ ఉంటాయంది. ఒక్కో నగరం ధర 2 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. అప్పటి లెక్కలో దాదాపు 130 కోట్ల రూపాయలు. ఆట వచ్చి ఏడాదే అయింది, లీగ్ ఇంకా పుట్టనేలేదు. అంత ధర ఎవరు పెడతారని గేమింగ్ లోకం నవ్వింది.

పెట్టారు. బోస్టన్‌ను న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు యజమాని రాబర్ట్ క్రాఫ్ట్ కొన్నాడు. న్యూయార్క్‌ను మెట్స్ బేస్‌బాల్ జట్టును అప్పట్లో నడిపిన జెఫ్ విల్‌పాన్ తీసుకున్నాడు. షాంఘై చైనా కంపెనీ నెట్‌ఈజ్‌కు వెళ్లింది. తమాషా ఏమిటంటే, లండన్‌లో ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ చేతిలో ఉన్న క్రోయెంకీ కుటుంబం లాస్ ఏంజెలెస్ జట్టు కొనుక్కుంది. లండన్ మాత్రం అమెరికావాళ్ల పాలైంది. 12 జట్లతో 2018 జనవరి 10న తొలి మ్యాచ్ జరిగింది. మ్యాచ్‌లు జరిగిన బర్‌బ్యాంక్ స్టూడియో మామూలుది కాదు, జానీ కార్సన్ ‘టునైట్ షో’ తీసిన చోటు. రెండేళ్ల ప్రసార హక్కులకు వీడియో ప్రసార సైట్ ట్విచ్ కనీసం 9 కోట్ల డాలర్లు ఇచ్చిందన్నారు. తొలి వారం కోటి మందికి పైగా చూశారని కంపెనీ చెప్పుకుంది.

యజమానులు 2 కోట్ల డాలర్లు పెట్టి కొన్నదేమిటి? స్టేడియం కాదు, ఆటగాళ్లూ కాదు. ప్రసార, స్పాన్సర్ల ఆదాయంలో వాటా. జట్టు రంగులు వేసిన పాత్రల దుస్తులు ఆటలో అమ్ముడైతే అందులో వాటా. ముందుముందు సొంత ఊళ్లో మ్యాచ్‌లు పెట్టి టికెట్లు అమ్ముకునే హక్కు. వీటన్నిటికీ మించింది ఇంకొకటి ఉంది: ఎంత చెత్తగా ఆడినా లీగ్ నుంచి తీసెయ్యరన్న హామీ. ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో ప్రీమియర్ లీగ్ అడుగున మిగిలిన మూడు క్లబ్బులు కింది డివిజన్‌కు జారిపోతాయి. ఫ్రాంచైజీలో ఆ భయం లేదు. పెట్టుబడిదారుకు కావాల్సింది అదే. ఇవాళ 2 కోట్లకు కొన్న జట్టు రేపు 6 కోట్లు పలకొచ్చు. చాలామంది లెక్క వేసుకున్నది ఆట మీద వచ్చే లాభాన్ని కాదు, స్థలం కొన్నట్టు పెరిగే ధరను.

ఆ హామీ విలువ ఏమిటో షాంఘై డ్రాగన్స్‌ను చూస్తే తెలుస్తుంది. తొలి సీజన్‌లో 40 మ్యాచ్‌లు ఆడి 40 ఓడింది. మధ్యలో కొరియా నుంచి ‘గెగురి’ పేరుతో ఆడే కిమ్ సె-యన్‌ను తెచ్చుకుంది. లీగ్‌లో తొలి మహిళా క్రీడాకారిణి ఆమే. చిన్న వయసులోనే, మోసం చేసి గెలుస్తోందన్న నిందను కెమెరాల ముందు ఆడి చూపించి తుడిచేసుకున్న పిల్ల. ఆమె వచ్చినా ఓటములు ఆగలేదు. రెండో సీజన్‌లో ఇంకో రెండు ఓడి, వరసగా 42 పరాజయాల తర్వాత 2019 ఫిబ్రవరిలో బోస్టన్ మీద గెలిచింది. గెలిచిన ఆ ఒక్క లీగ్ మ్యాచ్‌కు కప్పు గెలిచినంత సంబరం జరిగింది. 2021లో నిజంగానే కప్పు గెలిచింది. కింది డివిజన్‌కు నెట్టేసే పద్ధతి ఉంటే ఈ కథ మొదటి ఏడాదే ముగిసేది. ఫ్రాంచైజీ పద్ధతిని తిట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి మర్చిపోతారు.

2019లో ఎనిమిది కొత్త నగరాలొచ్చాయి. పారిస్, టొరంటో, వాంకూవర్, అట్లాంటా, వాషింగ్టన్, చైనాలో హాంగ్‌జౌ, గ్వాంగ్‌జౌ, చెంగ్డూ. ధర 3 కోట్ల నుంచి 6 కోట్ల డాలర్ల దాకా వెళ్లిందని వార్తలు. మొత్తం 20 జట్లు. ఫిలడెల్ఫియా యజమాని కామ్‌కాస్ట్ స్పెక్టకార్ అయితే 5 కోట్ల డాలర్లతో, 3,500 సీట్లతో ప్రత్యేకంగా ఈస్పోర్ట్స్ స్టేడియమే కడతానంది. 2020 సీజన్ నుంచి ఎవరి ఊళ్లో వాళ్లు మ్యాచ్‌లు పెట్టడం మొదలుపెట్టారు. న్యూయార్క్, డాలస్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, హ్యూస్టన్... నెల దాటిందో లేదో కరోనా వచ్చింది. మ్యాచ్‌లు ఆన్‌లైన్‌కు మారాయి. ఫిలడెల్ఫియా స్టేడియం కట్టనే లేదు. అదే ఏడాది ప్రసారం ట్విచ్ నుంచి యూట్యూబ్‌కు మారింది. పాత ప్రేక్షకుల్లో చాలామంది వెంట రాలేదు.

ఇక్కడే మన హైదరాబాద్‌ను గుర్తు చేసుకోవాలి. 2008లో 10.7 కోట్ల డాలర్లకు అమ్ముడైన డెక్కన్ చార్జర్స్ తొలి ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచింది. 2009లో ఎన్నికల వల్ల టోర్నీ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలితే, గిల్‌క్రిస్ట్ సేన జోహన్నెస్‌బర్గ్‌లో కప్పు గెలిచింది. అంటే హైదరాబాద్ చాంపియన్ అయిన ఏడాది ఉప్పల్‌లో ఒక్క బంతీ పడలేదు. 2010లో తెలంగాణ ఉద్యమం కారణంగా హైదరాబాద్ మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబయిలకు పోయాయి. రెండేళ్లు ఊరి మొహం చూడని జట్టును మన జనం వదిలేశారా? లేదు. 2012లో యాజమాన్యం డబ్బు కట్టలేక ఫ్రాంచైజీ రద్దయితే, అదే అక్టోబర్‌లో సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు హైదరాబాద్‌ను దక్కించుకుంది. మరుసటి వేసవికి సన్‌రైజర్స్ తయారు. యజమాని పోయాడు, పేరు మారింది, చొక్కా రంగు మారింది. క్రికెట్ మాత్రం ఎక్కడికీ పోలేదు. అది ఎవరి సొత్తూ కాదు కనుక. బీసీసీఐ ఎంత పెద్దదైనా, గల్లీలో కుర్రాళ్లు బ్యాటు పట్టుకుంటే ఆపలేదు.

ఓవర్‌వాచ్‌కు ఆ భాగ్యం లేదు. 2022 అక్టోబర్‌లో ఓవర్‌వాచ్ 2 వచ్చింది. పాత ఆట సర్వర్లు ఆపేశారు. అది ఇక డబ్బిచ్చినా ఆడలేం. అంతకుముందే ఆ ఏడాది లీగ్‌ను కొత్త ఆట తొలి రూపంలో నడిపారు. జట్టుకు ఆరుగురు పోయి ఐదుగురయ్యారు. ముందుండి దెబ్బలు కాచే ‘ట్యాంక్’ ఆటగాళ్లు ఇద్దరి చోట ఒక్కరే మిగిలారు. కోట్లు పోసిన యజమానులకు గానీ, ఆ స్థానంలో ఆడుతున్న కుర్రాళ్లకు గానీ ఇందులో ఓటు లేదు. 2023 జనవరి 23న చైనాలో బ్లిజార్డ్‌కూ నెట్‌ఈజ్‌కూ ఒప్పందం ముగిసింది, ఆ దేశంలో ఆట అధికారికంగా ఆగిపోయింది. నాలుగు చైనా నగరాలున్న లీగ్‌కు చైనాలో ఆటే లేకుండా పోయింది! పోనీ, అభిమానులు వేరే సర్వర్ పెట్టుకుని ఆడుకుందామన్నా హక్కు కంపెనీదే.

జట్లు ఊళ్లు మారిన పద్ధతీ చూడండి. 2023కు పారిస్ జట్టు లాస్ వేగాస్ జట్టయింది. ఫిలడెల్ఫియా జట్టు సముద్రం దాటి సియోల్‌కు పోయింది, అక్కడ అప్పటికే ఇంకో జట్టున్నా సరే.

కంపెనీ ఇంట్లో పడ్డ నిప్పు కూడా జట్లకే అంటుకుంది. 2021 జులైలో మహిళా ఉద్యోగుల పట్ల వివక్ష, వేధింపుల ఆరోపణలతో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ బ్లిజార్డ్ మాతృసంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్ మీద దావా వేసింది. కోకా-కోలా, స్టేట్ ఫార్మ్ లాంటి స్పాన్సర్లు ఒప్పందాలను తిరిగి చూసుకుంటామన్నారు. ఆటగాళ్ల సంగతి చూస్తే కనీస జీతం ఏడాదికి 50 వేల డాలర్లు, ఆరోగ్య బీమా ఉన్నాయి. ఆ రంగంలో అప్పటికి అది గొప్పే. కానీ జీతాల ఖర్చు ఒక హద్దు దాటిన జట్టు, దాటిన ప్రతి డాలర్‌కూ ఇంకో డాలర్ జరిమానా కట్టాలన్న నిబంధన పెట్టారు. ఇతర అమెరికా లీగుల్లో ఇలాంటి హద్దులు ఆటగాళ్ల సంఘాలతో బేరమాడి పెడతారు. ఇక్కడ సంఘమే లేదు. 2023 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ దీని మీదే కేసు వేసింది. అప్పటికే నిబంధన ఎత్తేసిన కంపెనీ, మళ్లీ పెట్టబోమని ఒప్పుకుని బయటపడింది.

2023 వేసవిలో కంపెనీ జట్లకు రెండు దారులు చూపించింది. కొత్త ఒప్పందంతో కొనసాగండి, లేదా ఒక్కొక్కరు 60 లక్షల డాలర్లు తీసుకుని వెళ్లిపోండి. అక్టోబర్ 1న టొరంటోలో జరిగిన చివరి ఫైనల్‌లో ఫ్లోరిడా మేహెమ్ గెలిచింది. 13న మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లకు యాక్టివిజన్ బ్లిజార్డ్ కొనుగోలు పూర్తి చేసింది. నవంబర్‌లో లీగ్‌కు తెర దించుతున్నామన్న ప్రకటన వచ్చింది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మైక్రోసాఫ్ట్ సారథి సత్య నాదెళ్ల చేతికి ఆ కంపెనీ వచ్చిన నెలలోపే అది జరగడం కాకతాళీయమే, నిర్ణయం అంతకుముందే ఖాయమైనట్టే ఉంది. అదే ఏడాది అమెరికాలో మొదలైన మేజర్ లీగ్ క్రికెట్‌లో సియాటిల్ ఆర్కాస్ జట్టుకు నాదెళ్ల పెట్టుబడిదారుల్లో ఒకరు. అక్కడ కూడా పేరు నగరానిదే. కాకపోతే ఆట క్రికెట్.

మన దగ్గరా ఈ గాలి తగలకపోలేదు. 2021లో వాలరెంట్ ఆటకు మన దేశంలో నగరాల పేర్లతో ఒక లీగ్ నడిచింది, హైదరాబాద్ పేరుతోనూ జట్టుంది. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబర్‌లో కేంద్రం నిషేధించింది. దాని బదులు వచ్చిన బీజీఎంఐ 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. ఆ పది నెలలు దాన్నే నమ్ముకున్న కుర్రాళ్లకు బరే లేదు. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈస్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీల్లో భాగంగా గుర్తించింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈస్పోర్ట్స్‌కు విడిగా చోటిచ్చింది. ఇక నగరాల జట్లు, ఫ్రాంచైజీల మాట మళ్లీ వస్తుంది. హైదరాబాద్‌కు, విశాఖకు, విజయవాడకు జట్టు పెడదామని వచ్చేవాళ్లను మన క్రీడాధికారులు, పెట్టుబడిదారులు ఒక్క కాగితం అడగాలి: ఈ ఆటను ఎన్నేళ్లు నడుపుతారు, నిబంధనలు మార్చితే జట్లకు, ఆటగాళ్లకు ఓటుంటుందా, మూసేస్తే ఎవరికి ఎంత ఇస్తారు అన్నది ఆట సొంతదారు సంతకంతో రాసిచ్చిన కాగితం. అది లేకుండా వచ్చినవాళ్లకు మన ఊరి పేరు ఇవ్వకండి.